మూడోసారి అడగని మాట

పోయిన వారం మిమ్మల్ని మా గుమ్మంలో నిలబెట్టేసి వెళ్ళిపోయాను. మీతోపాటు పైఅంతస్తు కియూమర్స్ ఆగాని, అంటే కియూమర్స్ గారిని కూడా. ఆయన ఒక చేతిలో నేను హల్వా పంపిన పళ్ళెం, ఇంకో చేతిలో తాళంచెవి. బయట వాన. మా ఊరు రష్త్‌లో వాన గురించి చెప్పడం మొదలుపెడితే ఈ వారం దాంతోనే సరిపోతుంది కాబట్టి వదిలేస్తున్నాను.

మరిచిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కలు. మా ఆయన ఇరజ్ పోయి నలభై రెండు రోజులు. పిల్లలు లేరు. నాకు మూడు ఇళ్ళు మిగిల్చాడు, మూడు వారాలకి సరిపడా డబ్బు మిగల్చలేదు. నేనుంటున్న మొదటి అంతస్తు, దాని మీద కియూమర్స్ దంపతులుంటున్న రెండో అంతస్తు, గుల్సార్ వైపు ఒక కొత్త ఫ్లాటు. చివరి రెండూ నా పేరునే కొన్నాడు. అయితే ఏ ఇంటి నుంచీ నెలకి ఒక్క తోమాను కూడా రాదు. ఆ రెండూ రహన్‌కి ఇచ్చాడు మహానుభావుడు. అంటే, ఇంట్లో దిగేవాళ్ళు ఒకేసారి పెద్ద మొత్తం చేతిలో పెడతారు, ఉన్నన్నాళ్ళూ అద్దె కట్టరు, వెళ్ళేనాడు అదే మొత్తం తిరిగి పట్టుకుపోతారు. వాళ్ళిచ్చిన మొత్తంతో మా ఆయన ఇంకో ఇల్లు కొనేవాడు.

"నెల అద్దె నెలలోనే కరిగిపోతుంది మనీజే, గోడ మాత్రం మనం నిద్రపోతున్నా పెరుగుతూ ఉంటుంది" అనేవాడు.

"గోడని కోసి కూర వండనా?" అనేదాన్ని నేను.

ఇప్పుడు గుల్సార్ ఫ్లాటులో ఉన్న కుర్ర జంట ఖాళీ చేస్తోంది. శనివారానికల్లా వాళ్ళకి పది కోట్ల తోమాన్లు తిరిగివ్వాలి. హామీకింద వాళ్ళ దగ్గరున్న చెక్కు మీద సంతకం నాది. డబ్బు లేకపోతే చెక్కు కోర్టుకెళ్తుంది, దాని వెనకే నేనూ. ఆ ఫ్లాటుకి శనివారంలోగా కొత్తవాళ్ళెవరూ దొరకలేదు. అందుకని మా మరిది బీజన్ ఒక దారి వెతికాడు. పైఇంటికి పదమూడు కోట్ల రహన్ ఇచ్చే మనిషి దొరికాడు. అందులో పది కుర్ర జంటకి, రెండున్నర కియూమర్స్ ఆగాకి, మిగిలిన అరకోటితో నాకు రెండు నెలల తిండి. చిన్న చిక్కల్లా ఏమిటంటే, ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళుగా కియూమర్స్ ఆగా కాపురముంటున్నాడు. ఖాళీ చేయమని పోయిన వారం బీజన్ పైకి వెళ్ళి చెప్పొచ్చాడు. నేను సరేనన్నాకే వెళ్ళాడు. ఆ మాట దాచను.

ఇదీ సంగతి. ఇక గుమ్మంలోకి వద్దాం.

"లోపలికి రండి ఆగా" అన్నాను.

"పర్లేదు ఖానుమ్, పళ్ళెం ఇచ్చిపోదామని."

"రండి, టీ తాగి వెళ్దురుగాని."

"మీకు శ్రమ."

"శ్రమేముంది, రండి."

అప్పుడు వచ్చాడు. బూట్లు విప్పి, రెండూ ఒక వరసలో పెట్టి, గోడవారగా వచ్చి కూర్చున్నాడు. గడియారాలు బాగుచేసిన మనిషి, దేన్నీ వంకరగా ఉంచలేడు. పళ్ళెం మీది గుడ్డ తీశాను. అక్రోట్లు కూరిన కులూచెలు, ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఎవరింటి పళ్ళెమైనా ఖాళీగా తిరిగివ్వకూడదని మా వాళ్ళ పట్టింపు. ఇల్లు ఖాళీ చేయమన్న మనిషి పళ్ళెమైనా సరే. ఆ కులూచెల వంక చూసి తల దించుకున్నాను.

"ఎహ్తెరామ్ చేసింది" అన్నాడు. "కూర్చునే చేసింది. మోకాళ్ళు నిలబడనివ్వట్లేదు కదా."

ఎహ్తెరామ్ ఆయన భార్య. రెండేళ్ళుగా మెట్లు దిగలేదు. ఇరజ్ నలభయ్యో రోజున కూడా పైమెట్టు మీదే కూర్చుని ఏడ్చింది. ఆవిడ తీరు ఆయనకి పూర్తిగా తలకిందులు. ఆయన నోట్లోంచి మాట రావడానికి మూడు దండాలు పెట్టాలి. ఆవిడ మనసులో ఏముంటే అది అప్పుడే నోటికొచ్చేస్తుంది. పెళ్ళిళ్ళలో ఆవిడ పక్కన కూర్చోవడానికి జనం భయపడేవారు.

బీజన్ సోఫాలో కాళ్ళు చాపుకుని ఉన్నాడు. నన్ను చూసి కాస్త ముడుచుకున్నాడు.

"ఏంటి పెద్దాయనా, ఇల్లు దొరికిందా?"

"దొరికింది. లాకాన్ రోడ్డు వైపు ఒక గది. నేలమాళిగ. కొంచెం తేమ అంటున్నారు."

"తేమ లేని ఇల్లు రష్త్‌లో ఎక్కడుంది? నా జేబులో కూడా తేమే." బీజన్ తన జోకుకి తానే నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

కియూమర్స్ ఆగా తాళంచెవి బల్ల మీద పెట్టాడు. "ఇది రెండోది. రేపు ఇల్లు చూడ్డానికి వస్తారన్నారుగా. నేను బయటికి వెళ్ళి ఉంటే ఎహ్తెరామ్ లేచి తలుపు తీయలేదు. మీరే తీసి చూపించండి."

టీ గ్లాసులు బల్ల మీద పెట్టి బీజన్ వైపు తిరిగాను.

"బీజన్, ఆ గుల్సార్ ఫ్లాటు అమ్మేద్దామని చెప్పానా లేదా?" అన్నాను. ఆయన ముందు ఎత్తాల్సిన మాట కాదు. నోరు ఆగలేదు.

"ఎవరికి వదినా? కొనడానికి వచ్చింది ఒక్కడు. సగం ధరకి అడుగుతున్నాడు. అది బేరమా, దోపిడీ."

"సగానికే ఇచ్చేద్దాం. కుర్రాళ్ళ పది కోట్లూ ఇచ్చేసి, ఆ ఫ్లాటు మీదున్న బ్యాంకు అప్పు తీర్చేసి, మిగిలింది చేతిలో పెట్టుకుంటాను. నాకు కావలసింది నెలకింత రొట్టె, ఇంత జున్ను. ఏడాదికి ఎంత పెరిగిందని లెక్కేసుకుని మురిసిపోవడానికి ఆయన ఉన్నాడా?"

"ఏడాది ఓపిక పట్టు! డాలరు ఎక్కడికి పోతోందో చూస్తున్నావా? ఈరోజు సగానికి ఇస్తే, వచ్చే ఏడు ఆ డబ్బుతో ఆ ఇంటి వంటగది కూడా రాదు. అన్నయ్య కడుపు కట్టుకుని కొన్న గోడ వదినా అది."

"కడుపు కట్టుకుంది మీ అన్నయ్య ఒక్కడేనా?"

బీజన్ ఒక కులూచె తీసుకుని కొరికాడు. నిజం చెప్పాలంటే వాడు చెడ్డవాడు కాదు. వాడి లెక్క కూడా తప్పు కాదు, అదే బాధ. మా దేశంలో డబ్బు చేతిలో ఉంచుకున్నవాడు మునుగుతాడు, గోడ పట్టుకున్నవాడు తేలతాడు. అయితే ఆ గోడ పట్టుకుని తేలినవాడి కాళ్ళు ఎవరో ఒకరి భుజాల మీదే ఉంటాయి. ఆ మనిషి నా ఎదురుగా కూర్చుని, చక్కెర ముక్క పంటి కింద పెట్టుకుని టీ చప్పరిస్తున్నాడు.

ఇక్కడే మీకు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఇన్ని వారాలుగా ఈ కథ చెబుతూ దీన్ని దాటేస్తూ వచ్చాను. తొమ్మిదేళ్ళ క్రితం పైఇల్లు ఏడున్నర కోట్లకి కొన్నాం. అందులో రెండున్నర కోట్లు కియూమర్స్ ఆగావి. బజారులో ఆయనకి గడియారాల కొట్టుండేది. రోజూ పది గడియారాలు వచ్చేవి, రోజూ రొట్టె దొరికేది. చేతులు వణకడం మొదలయ్యాక కొట్టు అమ్మేసి, వచ్చినదంతా తెచ్చి ఇరజ్ చేతిలో పెట్టాడు. అప్పట్లో అలాంటి ఇంటికి రహన్ అందులో సగం కూడా ఉండేది కాదు.

మాకు పూర్తి ఇల్లంటే ఆరు దాంగ్‌లు. దస్తావేజుల్లో అలాగే రాస్తారు. ఏడున్నరలో రెండున్నర అంటే మూడో వంతు, అంటే రెండు దాంగ్‌లు. ఇరజ్‌కి లెక్క రాక కాదు. ఈ గదిలోనే, ఇదే సోఫాలో కూర్చుని అడిగాడు.

"ఆగా, మీ డబ్బు మూడో వంతు ఉంది. రెండు దాంగ్‌లు మీ పేరున రాయిద్దామా?"

"అయ్యో, ఎంత మాట! మన మధ్య రాతలేంటి?" అన్నాడు కియూమర్స్ ఆగా.

అదీ మొదటిసారి. మా వాళ్ళలో ఎవరికైనా ఏదైనా ఇచ్చేటప్పుడు మూడుసార్లు అడగాలి. మొదటిసారి వద్దనడం మర్యాద. రెండోసారి వద్దనడం పెద్దరికం. మూడోసారి చేయి చాస్తారు. అందరికీ తెలిసిందే. ఖర్జూరం పండు దగ్గర్నుంచి పిల్లనివ్వడం దాకా ఇదే వరస. మొదటి మాటకే అవుననేవాణ్ణి మర్యాద తెలియనివాడంటారు. మొదటి మాటకే ఊరుకున్నవాణ్ణి ఏమనాలో మా భాషలో మాట లేదు, ఎందుకంటే అలా ఎవరూ ఊరుకోరు.

నేను వంటింట్లో టీ పోస్తున్నాను. ఇరజ్ గొంతు సవరించుకోవడం వినిపించింది. రెండోసారి అడగబోతున్నాడని తెలిసింది. దస్తావేజు నా పేరున రావాల్సినది. పెళ్ళయిన ఇరవై ఏళ్ళకి మొదటిసారి నా పేరున ఒక ఇల్లు, ఆరు దాంగ్‌లూ నావే. పళ్ళెం ఎత్తుకుని గబగబా లోపలికి వచ్చేశాను.

"టీ చల్లారిపోతోంది, ముందు తాగండి" అన్నాను. ఆ తరవాత చక్కెర గురించి మాట్లాడాను, వాన గురించి, కియూమర్స్ ఆగా చెల్లెలి పెళ్ళి గురించి. నేను అంత మాటకారినని నాకే తెలీదు. ఇరజ్ ఒక్కసారి నా వంక చూశాడు. నాకా చూపు ఇప్పటికీ గుర్తుంది. మళ్ళీ ఆ మాట ఇంట్లో రాలేదు.

ఆ తొమ్మిదేళ్ళూ అందరి రహన్‌లూ పెరిగాయి, కియూమర్స్ ఆగాది తప్ప. ఏటా కాగితం తిరగరాసేటప్పుడు "ఉన్నదే ఉండనీ" అనేవాడు ఇరజ్. బీజన్ నవ్వేవాడు, బ్రోకర్లు నవ్వేవారు. నేనైతే పెంచమని సతాయించేదాన్ని కూడా. నాకు కారణం తెలిసే సతాయించేదాన్ని. ఇప్పుడా ఇల్లు నలభై ఎనిమిది కోట్లు. అందులో రెండు దాంగ్‌లంటే పదహారు. ఆయనకి నేను తిరిగివ్వబోతున్నది, ఒక్క తోమాను తగ్గకుండా, ఆయనిచ్చిన రెండున్నరే. న్యాయస్థానంలో ఎవరైనా నన్ను వేలెత్తి చూపించగలరా? చూపించలేరు. అందుకే నిద్ర పట్టడం లేదు.

బీజన్ ఫోను మోగింది. బ్రోకరు. మాట్లాడుకుంటూ బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. గదిలో మేమిద్దరమే మిగిలాం.

చాలా రోజులుగా నాలో నలుగుతున్న ప్రశ్న ఒకటుంది. ఇరజ్ పోయింది గురువారం. అంతకు రెండు రోజుల ముందు, మంగళవారం నాడు, లేవొద్దని డాక్టరు చెప్పినా వినకుండా, పైకి వెళ్ళొచ్చాడు. వచ్చాక మాట్లాడడానికి ఊపిరి లేదు. ఎందుకెళ్ళావంటే, "గడియారం ఆగిపోయింది, చూపించడానికి" అన్నాడు.

"ఆగా, ఆ మంగళవారం మా ఆయన పైకెందుకు వచ్చారు?" అని అడిగాను. "గడియారం కోసమేనా?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. దాన్ని సాసరు మధ్యకి జరిపాడు.

"గడియారం బాగానే ఉంది ఖానుమ్."

"మరి?"

"వదిలేయండి. పోయిన మనిషి మాట."

"నా మొగుడి మాట. చెప్పండి."

చేతుల వంక చూసుకుంటూ చెప్పాడు.

"మెట్ల మీద రెండుసార్లు కూర్చుని వచ్చాడు. వచ్చాక కూడా చాలాసేపు మాట రాలేదు. ఎహ్తెరామ్ నీళ్ళిచ్చింది. అప్పుడన్నాడు, 'కియూమర్స్, ఆ రెండు దాంగ్‌లూ నీ పేరున రాయిస్తాను, మనీజేతో నేను మాట్లాడతాను' అని."

ఆయన వైపు జరిగాను.

"మీరేమన్నారు?"

"ఏమంటాను? వద్దన్నాను." ఆయన నవ్వడానికి ప్రయత్నించాడు. "ఊపిరాడని మనిషితో ఆస్తి మాటలు మాట్లాడతానా? ముందు కోలుకో అన్నాను. అతను నవ్వి, 'సరే, మళ్ళీ వస్తా' అన్నాడు. తలుపు దగ్గర ఇంకోసారి వెనక్కి తిరిగి, 'మళ్ళీ వస్తా' అన్నాడు."

మళ్ళీ రాలేదు. గురువారం తెల్లవారుజామున పోయాడు.

"ఎహ్తెరామ్ నాతో మాట్లాడి నలభై రెండు రోజులైంది" అన్నాడు కియూమర్స్ ఆగా. "వంట చేసి పెడుతుంది, మందులిస్తుంది, మాట మాత్రం లేదు. 'సరే' అనే ఒక్క మాట నోట్లో ఏం అడ్డుపడిందిరా నీకు అని అతను పోయినరోజు అడిగింది. అదే ఆఖరు. ఆవిడది సబబే. నేనే ఇలా పెరిగాను ఖానుమ్, ఇప్పుడు మారలేను."

నాకు ఏడుపొచ్చింది. ఇరజ్ పోయినరోజు కూడా అలా రాలేదు. ఆ మనిషి తొమ్మిదేళ్ళు ఆ మాట మోశాడు. నాకు చెబితే గొడవవుతుందని, చెప్పకపోతే పాపమని, చివరికి ఊపిరి చాలనప్పుడు ఆ మెట్లెక్కాడు. నాతో మాట్లాడతానని అక్కడ చెప్పాడు. ఇంటికొచ్చి మంచం మీద పడుకుని, నా వంక చూసి, గడియారం అన్నాడు. నేను ఏం మాటలంటానోనని చావు ముందు కూడా భయపడ్డాడంటే, నేనెలాంటి భార్యని?

కియూమర్స్ ఆగా లేచాడు. "ఆ గది వాడికి ఈరోజు బయానా ఇచ్చి వస్తానన్నాను. ఆలస్యం చేస్తే ఇంకొకరికి ఇచ్చేస్తాడు."

గుమ్మం దగ్గర వంగి బూట్లు తొడుక్కున్నాడు. లేసులు కట్టుకోవడం మొదలుపెట్టాడు. వణికే వేళ్ళు, ముడి పడదు, విప్పుతాడు, మళ్ళీ కడతాడు. ఒక బూటు అయ్యాక రెండోది. తొందర లేదు. నేను ఆయన వెనక నిలబడ్డాను.

మొదటిసారి అడిగింది ఇరజ్. రెండోసారి అడిగింది ఇరజ్. మూడోసారి మిగిలిపోయింది, అది నా వాటా. దస్తావేజు నా పేరున ఉంది, సంతకం నాది, నోరు నాది. ఒక్క మాట. ఆయన ఈసారి వద్దనడు. అది ఇద్దరికీ తెలుసు. ఆయన అవునంటే పైఇంటికి కొత్త మనిషి రాడు, శనివారానికి పది కోట్లు రావు, గుల్సార్ గోడ సగం ధరకి పోతుంది, ఇరజ్ జీవితమంతా కట్టినది ఒక్క సాయంత్రంలో తెల్లారుతుంది. చేతిలో కొంచెం డబ్బు, నెలనెలా దాని అరుగుదల, అదీ నా మిగతా బతుకు. మాట గొంతులోకి వచ్చింది. నిజంగా వచ్చింది.

"గొడుగు తీసుకెళ్ళండి ఆగా" అన్నాను.

ఆయన తలెత్తి చూశాడు. "వద్దు ఖానుమ్, దగ్గరే."

"వాన పెద్దదైంది, తీసుకెళ్ళండి."

"మీకు కావలసి వస్తుందేమో."

"తీసుకెళ్ళండి, నా మీద ఒట్టు."

అప్పుడు రెండు చేతులూ చాచి తీసుకున్నాడు. ఇరజ్ నల్లగొడుగు అది. దాన్ని గుండెలకి ఆనించుకుని, తల వంచి, వెళ్ళిపోయాడు. కింద వీధి తలుపు మూసుకున్న చప్పుడు వినపడేదాకా నేనక్కడే నిలబడ్డాను. గొడుగు దగ్గర మూడుసార్లు అడగడం నాకు ఎంత సులువుగా వచ్చిందో చూశారుగా. మీరు నన్ను తిట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

బీజన్ బాల్కనీలోంచి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అయిపోయింది వదినా. రేపు ఇల్లు చూడ్డం కూడా వద్దన్నాడు ఆ కొత్త మనిషి. కాగితం మీద సంతకం పెట్టి ఫొటో పంపిస్తే, సాయంత్రానికి చెక్కు ఇస్తాడట. పదమూడు కోట్లు." సంచీలోంచి అగ్రిమెంటు తీసి బల్ల మీద పరిచాడు, కులూచెల పళ్ళెం పక్కకి జరిపి. "ఇక్కడ, ఇక్కడ. పెద్దాయన వెళ్ళిపోయాడా? మంచి మనిషి. ఒక్క మాట అడ్డు చెప్పలేదు."

"అవును" అన్నాను. "చెప్పలేదు."

కలం తీసుకున్నాను. అది మొదట రాయలేదు. బీజన్ దాన్ని తన అరచేతి మీద గీసి మళ్ళీ ఇచ్చాడు.

అప్పుడు పైన తలుపు తెరుచుకుంది.

పైఇంటి తలుపు చప్పుడు నాకు తెలుసు. తొమ్మిదేళ్ళుగా వింటున్నాను. కియూమర్స్ ఆగా బయట ఉన్నాడు. ఆ ఇంట్లో ఇంకొక్క మనిషే ఉంది. ఒక అడుగు మెట్టు మీద పడింది. చాలాసేపటికి ఇంకొకటి. కర్ర చప్పుడు, మళ్ళీ అడుగు, మధ్యలో గోడ పట్టుకుని ఆగిన ఊపిరి. పైనుంచి మా గుమ్మానికి పద్దెనిమిది మెట్లు.

"ఎవరది?" అన్నాడు బీజన్.

"నీకెందుకు?"

"సరే, నువ్వు కానివ్వు."

నా పేరులో మొదటి అక్షరం రాశాను. అడుగులు తొమ్మిదో మెట్టు దగ్గర ఆగాయి. అక్కడ మలుపుంది, ఇరజ్ కూర్చున్నది అక్కడే అయ్యుంటుంది. పైన కూర్చున్న చప్పుడు, ఒక మూలుగు. వెనక్కి వెళ్ళిపోతుందేమోనని ఎదురుచూశాను. వెళ్ళిపోతే బాగుండుననీ, వెళ్ళకపోతే బాగుండుననీ, రెండూ అనుకున్నాను. అడుగులు మళ్ళీ మొదలయ్యాయి. రెండో అక్షరం దగ్గర కలం ఆగిపోయింది.

తలుపు మీద ఒక్క దెబ్బ పడింది. తట్టడం కాదు, చేతికర్రతో కొట్టడం.

"మనీజే, తలుపు తియ్యి" అంది ఎహ్తెరామ్, ఊపిరి ఎగదోసుకుంటూ. "నేను మా ఆయన్ని కాను. నన్ను ఒక్కసారి అడుగు, చాలు."